ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

మల్కాజ్‌గిరి చౌరస్తా చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపు ముందైనా జూన్ నెలలో ఓ అరగంట నిలబడి చూడండి. లోపల కంప్యూటర్ ముందు ఓ కుర్రాడు. బయట ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పట్టుకుని ఆడవాళ్ళు. ఇంటర్ పాసైన కూతుర్ని డిగ్రీలో చేర్పించాలని ఒకరు, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించాలని ఒకరు, ఆదాయం సర్టిఫికెట్ కావాలని ఇంకొకరు. పేరు, ఇంటి నంబరు, ఆధార్ నంబరు టకటకా కొట్టేశాక ఆ కుర్రాడు తలెత్తకుండానే అడుగుతాడు: "అక్కా, ఓటీపీ వచ్చిందా?"

ఆమె చేతిలోని బటన్ ఫోన్ చూసుకుంటుంది. రాలేదు.

"ఆధార్‌కు ఏ నంబరిచ్చినవ్?"

"మా పెద్దోని నంబరుండె. ఆడు డ్యూటీకి పోయిండు."

పెద్దోడికి ఫోన్ చేస్తారు. అతను బండి మీద ఉంటాడు, ఎత్తడు. రెండోసారి ఎత్తి, మెసేజ్ వెతికి, ఆరు అంకెలు చదివేసరికి గడువు దాటిపోతుంది. "మళ్ళ పంపుతున్న, ఈసారి జల్ది చెప్పుమను" అంటాడు కుర్రాడు. వెనకవాళ్ళు విసుక్కుంటారు. నాలుగిళ్ళలో పనిచేసే ఆమె ఆ పూట నాగా పెట్టి వచ్చింది. పని కాకపోతే రేపు మళ్ళీ నాగా.

డిజిటల్ అంతరం అనగానే సిగ్నల్ అందని గూడెం, ఫోన్ కోసం గుట్టెక్కే పిల్లలు మన కళ్ళ ముందు మెదులుతారు. మల్కాజ్‌గిరిలో సిగ్నల్‌కు కొదవ లేదు. మేడల మీద టవర్లున్నాయి, ప్రతి గల్లీలో రీచార్జ్ దుకాణం ఉంది, చాలా ఇళ్ళలో ఒక టచ్ ఫోన్ కూడా ఉంది. లేనిదల్లా ఆ ఇంటి మనిషి తన పని తాను చేసుకునే వీలు. నంబరు కొడుకుది, ఫోన్ పక్కింటివాళ్ళది, కీబోర్డు మీద చేయి షాపు కుర్రాడిది. వేలిముద్ర ఒక్కటే ఆమె సొంతం. అరిగిపోయిన వేళ్ళకు అదీ కొన్నిసార్లు పడదు. నగర పేదలు డిజిటల్ ప్రపంచానికి బయట లేరు. అరువు ఫోన్లతో, అరువు చేతులతో అందులోనే బతుకుతున్నారు. ఆ అరువుకు డబ్బు రూపంలో, కూలి రూపంలో, తమ గుట్టు రూపంలో వడ్డీ కడుతున్నారు. అందువల్ల వాళ్ళకు మరో యాప్ కంటే ముందు కావాల్సింది బస్తీలో నడిచివెళ్ళేంత దూరంలో జవాబుదారీగా కూర్చునే ఒక మనిషి, ఫోన్ లేకపోయినా పని జరిగే ఒక దారి.

దీపం కిందే చీకటి

2007లో మల్కాజ్‌గిరి మున్సిపాలిటీ హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. 2016లో మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా వచ్చింది. 2024 ఎన్నికల నాటికి మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గంలో 37 లక్షలకు పైగా ఓటర్లున్నారు. దేశంలో ఇంతమంది ఓటర్లున్న నియోజకవర్గం మరొకటి లేదు. రైల్వే ఉద్యోగుల క్వార్టర్లు, విశ్రాంత ఉద్యోగుల కాలనీలు, వాటి పక్కనే ఒకే గదిలో ఐదుగురు సర్దుకునే బస్తీలు, పని వెతుక్కుంటూ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళ అద్దెగదులు అన్నీ ఇక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మహానగర పాలక సంస్థ గతంలో వేసిన లెక్కల్లో నగరం మొత్తం మీద బస్తీలు 1,476.

ఇదే మహానగరంలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే ఊరుగా అప్పటి నుంచి మనం గర్వపడుతున్నాం. అయితే 2019–20లో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగినప్పుడు, జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న మహిళలు తెలంగాణలో 26.5 శాతమే. దేశ సగటు 33 శాతం. ఐటీ రాజధాని ఉన్న రాష్ట్రం దేశ సగటుకు దిగువన ఉండటం మనందరినీ కలవరపెట్టాల్సిన విషయం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం, ఇల్లాలి చేతిలో ఫోన్ ఉండటం ఒకటి కావు. ఉన్న ఒక్క టచ్ ఫోన్ పొద్దున ఇంటాయనతోపాటు పనికి పోతుంది, సాయంత్రం పిల్లల చేతికి వస్తుంది. ఆమె వంతు వచ్చేసరికి చార్జింగ్ ఉండదు, ఓపికా ఉండదు.

నగర పేదలకు ఇంకో అన్యాయం జరిగింది. డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్రం 2017లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 2024 మార్చిలో ముగిసేనాటికి 6 కోట్లకు పైగా జనానికి శిక్షణ ఇచ్చింది. పేరులోనే ఉంది, అది గ్రామీణులకు. భారత్‌నెట్ ఇంటర్నెట్ కేబుల్ వెళ్ళేది గ్రామ పంచాయతీలకు. పిల్లల చదువుల మీద మనం చర్చించుకునే అసర్ నివేదిక కొలిచేదీ పల్లెలనే. పల్లెకు అవన్నీ కావాలి, సందేహం లేదు. కానీ పట్నంలో ఉన్నాడు కాబట్టి అన్నీ అందుతాయని, అన్నీ తెలుసని నగర పేదను లెక్కలోంచి వదిలేశారు. నల్లగొండ జిల్లాలోని ఓ ఊళ్ళో ఉండి ఉంటే ఆ శిక్షణకు అర్హురాలయ్యే మహిళ, బతుకుతెరువు కోసం మల్కాజ్‌గిరి వచ్చి అద్దెగదిలో దిగిన మరుక్షణం అనర్హురాలైంది.

ఏడాదికి పదమూడు నెలలు

పేద ఇంటి క్యాలెండర్‌లో ఏడాదికి పదమూడు నెలలుంటాయి. రీచార్జ్ గడువు 28 రోజులు కాబట్టి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల జియో ప్లాన్ 2024 జులైలో 239 రూపాయల నుంచి 299కి పెరిగింది. మిగతా కంపెనీలూ ఆ రోజుల్లోనే ధరలు పెంచాయి. 299 చొప్పున పదమూడుసార్లు వేయిస్తే ఏడాదికి 3,887 రూపాయలు. ఇంట్లో రెండు ఫోన్లుంటే 7,774. ఏడాదికి ఒకేసారి కట్టేస్తే కొంత తగ్గుతుందని కంపెనీ చెబుతుంది. నెల జీతం నెల తిరక్కముందే అయిపోయే ఇంట్లో మూడున్నర వేలు ఒక్కసారి తీయగలిగేదెవరు? ఉప్పు, పప్పు విడిగా కొనుక్కునే బతుక్కి డేటా కూడా విడిగానే కొనాలి, ఎక్కువ ధరకే కొనాలి. డేటా అక్కరలేనివారి కోసం మాటలు, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక 2025 జనవరిలో అవి వచ్చాయి. ఆ సంగతి రీచార్జ్ దుకాణం ముందు నిలబడే ఎంతమందికి చేరిందన్నది వేరే ప్రశ్న.

ఇంట్లో జబ్బు చేసిన నెల, పిల్లల ఫీజు కట్టిన నెల ముందు ఆగిపోయేది అమ్మ ఫోన్ రీచార్జే. "నాకేం పనుంది దాంతో, పిల్లలకు వేయించండి" అంటుంది ఆమె. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీ రద్దు చేయవచ్చు. ఇంకో 90 రోజులు గడిచాక ఆ నంబరును కొత్తవారికి ఇవ్వవచ్చు. అంటే ఆమె ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, రేషన్ కార్డుకు, గ్యాస్ కనెక్షన్‌కు అతికి ఉన్న నంబరు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతికి వెళ్ళిపోతుంది. ఆమె పేరు మీద వచ్చే ఓటీపీ అతని ఫోన్‌లో మోగుతుంది. మూడు వందల రూపాయల రీచార్జ్ తప్పితే ప్రభుత్వంతో బంధమే తెగిపోతుందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలిసేది నెలల తర్వాత, జిరాక్స్ షాపు కుర్రాడు "ఈ నంబరు నీది కాదక్కా" అన్నప్పుడు.

ఆ రెండు వరుసలు మరవకూడదు

2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు హైదరాబాద్ మునిగింది. మల్కాజ్‌గిరిలోనూ చెరువుల కింది కాలనీల్లోకి, బస్తీల్లోకి నీళ్ళొచ్చాయి. ప్రతి బాధిత కుటుంబానికి 10 వేల రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మొదట అధికారులే ఇంటింటికీ వచ్చి నగదు ఇచ్చారు. అందులో అక్రమాలు జరిగాయన్న ఆందోళనలు రేగాక, మీసేవలో దరఖాస్తు చేసుకోండన్నారు. కాగితం మీద చూస్తే అది మంచి నిర్ణయమే. మధ్యవర్తి ఉండడు, డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. జరిగింది వేరు. నవంబరు మూడో వారంలో నగరమంతటా మీసేవ కేంద్రాల ముందు తెల్లవారకముందే వేల మంది బారులు తీరారు. అవి కరోనా రోజులు. గోల్కొండ వైపు ఓ మహిళ వరుసలోనే కుప్పకూలి చనిపోయింది. నగరపాలక ఎన్నికల ప్రకటన వెలువడటంతో నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం దరఖాస్తులను నిలిపివేయించింది. నీళ్ళలో బియ్యం, బట్టలు, పుస్తకాలు పోగొట్టుకున్నవాళ్ళు వట్టి చేతులతో ఇంటికి నడిచారు.

మూడు నెలలు తిరక్కముందే రెండో వరుస. కరోనా వ్యాప్తి చెందుతుందని రేషన్ షాపుల్లో వేలిముద్ర ఆపి, 2021 ఫిబ్రవరి నుంచి కంటిపాప గుర్తింపు లేదా ఓటీపీ మీద బియ్యం ఇస్తామన్నారు. ఉద్దేశం ఆరోగ్య రక్షణే. కానీ ఆధార్‌కు ఫోన్ నంబరు అతికించుకోని కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఆ రోజుల్లో కళ్ళకు కట్టింది. రేషన్ షాపు దగ్గర తగ్గిన గుంపు ఆధార్ కేంద్రం దగ్గర తేలింది. బియ్యం సంచి పట్టుకెళ్ళాల్సిన ముసలమ్మ, ఆధార్ కార్డు పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంది.

అదే ఏడాది మే 1 నుంచి 18–44 ఏళ్ళవారు టీకా కోసం కోవిన్‌లో ముందే నమోదు చేసుకోవాలన్నారు. అప్పట్లో ఆ పోర్టల్ ఇంగ్లిష్‌లోనే ఉండేది. ఇంటర్నెట్ లేనివారి సంగతేమిటని సుప్రీంకోర్టు అదే నెలాఖరున కేంద్రాన్ని నిలదీసింది. ఆ తర్వాత కోవిన్‌లోకి తెలుగుతోపాటు ఇతర భాషలొచ్చాయి, నేరుగా కేంద్రానికి వచ్చినవారికీ టీకా వేసే ఏర్పాటు అందరికీ వర్తించింది. దారి మార్చగానే జనం కదిలారు.

ఇందుకు మన అనుభవంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో వార్డు వార్డుకూ బల్లలు వేసి, కాగితం దరఖాస్తులు తీసుకున్నారు. రాయడం రానివారికి పక్కన కూర్చుని నింపిపెట్టారు. మధ్యలో సెలవులు పోను ఎనిమిది రోజుల్లో వచ్చిన దరఖాస్తులు సుమారు 1 కోటీ 25 లక్షలు. కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఆ తర్వాత ప్రభుత్వమే చేయించుకుంది. ఆ పని ఎవరు చేయాలన్న చోటే అసలు కిటుకు ఉంది.

కంప్యూటర్ ఎటువైపు ఉంది?

2001లో జంటనగరాల్లో ఈసేవ కేంద్రాలు తెరిచినప్పుడు కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, జనన ధ్రువపత్రం ఒకేచోట దొరకడం జనానికి పండగలా అనిపించింది. 2011లో మీసేవ వచ్చి ఆ సదుపాయాన్ని ఊరూరికీ తీసుకెళ్ళింది. పైరవీకారుల బెడద తగ్గింది. అది నిజమైన విజయం, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఆ విజయానికి కారణం కంప్యూటర్ ఒక్కటే కాదు. కౌంటర్‌కు అటువైపు కంప్యూటర్, దాని ముందు జీతం తీసుకునే మనిషి ఉండేవారు. ఇటువైపు నిలబడ్డవారు కాగితమూ డబ్బూ ఇస్తే చాలు. చదువు రానివారూ దర్జాగా పని చేయించుకుని రసీదు తీసుకునేవారు.

ఈ ఇరవై ఏళ్ళలో ఆ కంప్యూటర్ మెల్లగా కౌంటర్ దాటి ఇటువైపుకు వచ్చింది. పోర్టల్ మనమే తెరవాలి, ఫొటో మనమే కుదించాలి, పత్రాలు మనమే ఎక్కించాలి, తప్పు పడితే బాధ్యత మనదే. అంటే గుమస్తా చేసే పని పౌరుడి నెత్తిన పడింది. చదువుకున్నవాడికి అది సౌకర్యం. అర్ధరాత్రి మంచం మీద పడుకుని పన్ను కట్టేస్తాడు. చదువు అందని మనిషికి మాత్రం తీసేసిన గుమస్తా స్థానంలో మరొకర్ని వెతుక్కోక తప్పదు. అలా వెతుక్కున్నవాడే జిరాక్స్ షాపు కుర్రాడు. అతన్ని నిందించడానికి లేదు. యాభయ్యో వందో తీసుకుని, ప్రభుత్వం చేయాల్సిన సాయం అతను చేస్తున్నాడు. కానీ అతనికి శిక్షణ లేదు, రేటు పట్టిక లేదు. అతను ఒక అక్షరం తప్పు కొడితే ఆ కుటుంబానికి ఆ ఏడు స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, అడిగే దిక్కుండదు.

ఇక ఓటీపీ సంగతి. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని బ్యాంకు రోజూ మెసేజ్ పంపుతుంది. పోలీసులు బోర్డులు పెడతారు. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. 2024లో ఒక్క తెలంగాణలోనే సైబర్ నేరగాళ్ళు దోచుకున్న సొమ్ము 1,800 కోట్ల రూపాయలు దాటింది. మరి ఆ షాపులో ఏం జరుగుతోంది? పదిమంది వింటుండగా ఆ తల్లి ఓటీపీ పైకి చదివి చెబుతోంది. చెప్పకపోతే పని కాదు. ఆధార్ ప్రతి, పాన్ కార్డు ప్రతి, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఆ కంప్యూటర్‌లోనే మిగిలిపోతాయి. చెప్పొద్దన్న హెచ్చరిక, చెప్పక తప్పని అవసరం రెండూ ఒకే మనిషి మీద మోపి, తర్వాత ఖాతా ఖాళీ అయితే "నీ అజాగ్రత్తే" అనడం న్యాయం కాదు.

గుట్టు సంగతీ ఉంది. 2025 జులై నుంచి అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఇంటికిచ్చే పోషకాహారం ముఖ గుర్తింపుతో ముడిపడింది. అందుకు ముందు ఆధార్ నిర్ధారణ కావాలి, దానికి మళ్ళీ ఓటీపీ. పుట్టింటికి వచ్చిన బాలింత నంబరు అత్తగారింట్లో భర్త జేబులో ఉంటుంది. ఫోన్ చేయడానికి మొహమాటం, కొన్నిసార్లు భయం. ఆడమనిషి ఆకలికీ ఆమె తినాల్సిన గుడ్డుకూ మధ్య భర్త ఫోన్ అడ్డం రాకూడదు.

యంత్రం ఒక్కటే తీర్పు చెబితే ఏమవుతుందో రేషన్ కార్డుల రద్దు చూపించింది. రాష్ట్రంలో రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కారు ఉందనో, ఆస్తి ఉందనో కంప్యూటర్ జోడించిన సమాచారంతో, నోటీసైనా ఇవ్వకుండా తీసేసిన పేర్లు వాటిలో ఉన్నాయి. తిరిగి చూసినవాటిలో కనీసం 7.5 శాతం కుటుంబాలను తప్పుగా తొలగించినట్టు తేలిందని 2024లో అల్‌జజీరా ప్రచురించిన పరిశోధన వెల్లడించింది. శాతంగా చూస్తే చిన్నదే. ఆ ఇంటి పొయ్యి దగ్గర నిలబడి చూస్తే పెద్దది.

చదువు గడప దగ్గర

కరోనాలో బడులు మూసినప్పుడు తెలంగాణ 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి వరకు పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ళలో ప్రసారం చేసింది. ఇంట్లో ఏముందో చూసి దారి ఎంచుకోవడమంటే అదే. టీవీ ఎక్కువ ఇళ్ళలో ఉంది, రీచార్జ్ అడగదు, ముగ్గురు పిల్లలు కలిసి చూడగలరు. ప్రశ్న అడగడానికి వీల్లేకపోవచ్చు, అయినా పాఠం ఇంట్లోకి వచ్చింది.

పైచదువుల్లో ఆ పాటి ఆసరా కూడా దొరకలేదు. షాద్‌నగర్‌కు చెందిన ఓ బైక్ మెకానిక్ కూతురు ఢిల్లీ లేడీ శ్రీరామ్ కళాశాలలో గణితం చదువుతూ, లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చి, ఆన్‌లైన్ తరగతులకు లాప్‌టాప్ కొనలేక, స్కాలర్‌షిప్ అందక, 2020 నవంబరులో ప్రాణం తీసుకుంది. ఇంటికి భారం కాకూడదని ఆ బిడ్డ అనుకుంది. ఒక మనిషి మరణానికి ఒక్క కారణం చెప్పడం ఎప్పుడూ తొందరపాటే. కానీ ఆ ఇంట్లో లేనిదేమిటో, ఆమె చదువు సాగడానికి కావాల్సిందేమిటో దేశమంతా చూసింది. ఆ దుఃఖం నుంచి మనం ఏ ఏర్పాటు చేసుకున్నామని మల్కాజ్‌గిరిలో ఏ కాలేజీ అమ్మాయి అడిగినా మన దగ్గర జవాబుండాలి.

డిగ్రీ ప్రవేశాలకు 2016లో వచ్చిన దోస్త్ పద్ధతి చూడండి. ఒకే దరఖాస్తుతో రాష్ట్రంలోని కాలేజీలన్నీ తెరుచుకున్నాయి. కాలేజీ కాలేజీకీ తిరిగి ఫారాలు కొనే బాధ తప్పింది. కానీ మొదటి మెట్టు ఆధార్‌కు అతికిన ఫోన్ నంబరే. అది లేక చాలామంది తల్లిదండ్రులు జూన్ ఎండల్లో ఆధార్ కేంద్రాల చుట్టూ తిరుగుతారు. దీనికి విరుగుడు కూడా దోస్త్‌లోనే ఉంది. ఇబ్బంది పడేవారి కోసం కళాశాలల్లో సహాయ కేంద్రాలు పెట్టారు. యంత్రం దగ్గర ఆగిపోయినవారిని మనిషి దగ్గరికి పంపే ఏర్పాటు అది. ప్రతి పథకానికీ అలాంటిది ఉండాలి, అది కాలేజీ గేటు దగ్గరే కాక గల్లీ చివర కూడా ఉండాలి.

ఇది దయ కాదు, హక్కు

ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడిలో ముఖం, కళ్ళు దెబ్బతిన్నవారు, చూపు లేనివారు దాఖలు చేసిన వ్యాజ్యాలు అవి. కంటిరెప్ప ఆర్పితేగానీ బ్యాంకు గుర్తింపు ధ్రువీకరణ (ఈ-కేవైసీ) పూర్తికాదంటే, రెప్ప ఆర్పలేని మనిషి ఏం కావాలి? డిజిటల్ అందుబాటు అన్నది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ధర్మాసనం తేల్చింది. బలహీనులనూ కలుపుకుపోయేలా డిజిటల్ వ్యవస్థను కట్టే బాధ్యత ప్రభుత్వానిదేనని 20 ఆదేశాలిచ్చింది. రెప్ప ఆర్పలేని మనిషికి వర్తించే న్యాయం, నంబరు పోగొట్టుకున్న పనిమనిషికీ వర్తించాలి.

ఇలాంటి న్యాయం జరిగిన చోట్లూ ఉన్నాయి. స్పెయిన్‌లో కార్లోస్ సాన్ హువాన్ అనే 78 ఏళ్ళ విశ్రాంత వైద్యుడు, బ్యాంకులన్నీ యాప్‌లలోకి వెళ్ళిపోయి కౌంటర్లు మూసేస్తున్నాయని 2022లో సంతకాల ఉద్యమం నడిపాడు. 6 లక్షల మందికి పైగా సంతకం పెట్టారు. బ్యాంకులు దిగివచ్చి, వృద్ధుల కోసం కౌంటర్ వేళలు పెంచుతామని ఒప్పుకున్నాయి. కేరళలో తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీ 2021లో ఇంటింటికీ మనుషులను పంపి ఫోన్ వాడకం నేర్పడం మొదలుపెట్టింది. దాన్నే రాష్ట్రమంతా విస్తరించి, 21 లక్షల 87 వేల మందికి పైగా నేర్పించి, 2025 ఆగస్టు 21న పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించామని కేరళ ప్రకటించుకుంది. కుటుంబశ్రీ మహిళా సంఘాలవారు, విద్యార్థులు ఉపాధి పనుల దగ్గరికి, ఇంటి అరుగుల మీదికి వెళ్ళి నేర్పారు. రెండు చోట్లా పని జరిపించింది మనుషులే.

మన దగ్గర ఇప్పుడు వాట్సాప్ పాలన ఊపందుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర మొదలైంది. తెలంగాణ మీసేవ కూడా అదే ఏడాది వాట్సాప్‌లోకి వచ్చింది. వాట్సాప్ చాలామందికి అలవాటైన దారి కాబట్టి ఇది మేలే. కానీ అది ఉన్న దారులకు తోడైన మరో దారి కావాలి. దాన్ని చూపి కౌంటర్ మూసేసే రోజు రాకూడదు.

బస్తీ దవాఖానా చూపిన దారి

ఏం చేయాలో మల్కాజ్‌గిరికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 ఏప్రిల్‌లో ఇక్కడి బీజేఆర్ నగర్‌లో బస్తీ దవాఖానా తెరుచుకుంది. జ్వరమొస్తే గాంధీ ఆసుపత్రి దాకా పోయి రోజంతా పోగొట్టుకునే మనిషికి డాక్టరు, నర్సు, మందులు ఇంటి పక్కకే వచ్చాయి. ఐదు నుంచి పది వేల జనాభాకు ఒకటి చొప్పున అన్న ఆలోచన నగరమంతా పాకింది. అదే కొలతతో ప్రతి బస్తీకీ ఒక డిజిటల్ సేవా గది పెట్టాలి. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక స్కానర్ చాలు. అందులో కూర్చోవడానికి అదే బస్తీలోని మహిళా సంఘాల నుంచి చదువుకున్న ఇద్దరిని తీసుకుని, శిక్షణ ఇచ్చి, నెలనెలా జీతం ఇవ్వాలి. గోడ మీద రేటు పట్టిక, ప్రతి పనికీ తెలుగులో, ఉర్దూలో రసీదు, తప్పు జరిగితే సరిదిద్దే బాధ్యత ఆ గదిదే. పనికి వెళ్ళే ఆడవాళ్ళకు వీలుగా సాయంత్రం ఏడెనిమిది వరకు తెరిచి ఉండాలి.

రెండోది, ప్రతి పథకానికీ కాగితం దారి తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఓటీపీ రాలేదని, వేలిముద్ర పడలేదని, సర్వర్ పనిచేయలేదని ఎవరినీ వట్టి చేతులతో పంపకూడదు. ముందు బియ్యం ఇచ్చి, తర్వాత గుర్తింపు సరిచూసుకోవాలి.

మూడోది, నంబరు రక్షణ. రేషన్ కార్డు ఉన్న కుటుంబాల ఆధార్‌కు అతికిన ఫోన్ నంబర్లకు ప్రభుత్వం, బ్యాంకులు పంపే ఎస్ఎంఎస్‌లు రీచార్జ్ లేకపోయినా అందేలా కేంద్రం టెలికాం కంపెనీలతో ఏర్పాటు చేయాలి. ఆ నంబర్లను రద్దు చేసే ముందు ఇంటి చిరునామాకు సమాచారం పంపాలి. ఫోన్ నంబరు మార్పు కోసం ఏటా మే నెలలో, అంటే అడ్మిషన్లకు ముందే, బస్తీల్లో ఆధార్ శిబిరాలు పెట్టాలి.

నాలుగోది, గ్రంథాలయాలు. తెలుగువాళ్ళకు జ్ఞానాన్ని జనం దగ్గరికి మోసుకెళ్ళడం కొత్త కాదు. సికింద్రాబాద్‌లో 1905లోనే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు నింపి ఊరూరా తిప్పారు. 1960 నాటి చట్టం ప్రకారం నేటికీ మన ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ము సక్రమంగా గ్రంథాలయ సంస్థకు చేరితే, శాఖా గ్రంథాలయాల్లో పేద విద్యార్థులకు లాప్‌టాప్‌లు పుస్తకాల్లాగే సెమిస్టర్‌కు అరువివ్వవచ్చు. లాప్‌టాప్ లేక ఏ బిడ్డా తాను ఇంటికి భారమనుకోకూడదు.

ఐదోది, నేర్పడం. పల్లెలకు నడిచిన శిక్షణను పట్నానికి తేవాలి. తరగతి గదిలో బోర్డు మీద కంప్యూటర్ భాగాల బొమ్మలు గీసే శిక్షణతో లాభం లేదు. ఆ మహిళ చేతిలోని ఫోన్‌లోనే మెసేజ్ తెరవడం, ఓటీపీ చదవడం, ఖాతాలో డబ్బు చూసుకోవడం, మోసం జరిగితే 1930కి ఫోన్ చేయడం నేర్పాలి. బస్సు నంబరు చూసి ఎక్కగలిగే మనిషి, చిట్టీ లెక్క వేలి కణుపుల మీద తేల్చే మనిషి ఈ ఆరు అంకెలు చదవలేదా? చదువుతుంది. ఇంతకాలం ఆమె పక్కన కూర్చుని నేర్పే తీరిక ఎవరికీ లేకపోయింది, అంతే.

ఇందుకయ్యే ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారని అడిగేవారుంటారు. సేవలన్నీ ఆన్‌లైన్ చేయడం వల్ల ప్రభుత్వానికి మిగిలిన జీతాలు, కాగితాలు, కార్యాలయాల ఖర్చు ఊరికే మాయమవలేదు. అందులో కొంత పేద ఇంటి నాగాల రూపంలో, షాపులో కట్టిన యాభైల రూపంలో ఆ ఇంటి మీదే పడింది. మిగిలిన ఆ సొమ్ములోంచి కొంత తిరిగి బస్తీకి ఇమ్మనడం అన్యాయమేమీ కాదు.

బీజేఆర్ నగర్ దవాఖానాలో డాక్టరు ముందు బెంచీ మీద కూర్చున్న తల్లిని ఎవరూ "మందు నువ్వే రాసుకో" అనరు. ఒళ్ళు చూసి, చీటీ రాసి, గోళీలు ఎప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పి పంపుతారు. ఆ పక్క గదిలో ఇంకో బెంచీ వేయండి. "అమ్మా, ఫోన్ ఇటియ్యండి, మెసేజ్ ఇక్కడ వస్తది, మీరే చదవండి" అనే మనిషిని కూర్చోబెట్టండి. ఆరు అంకెలు ఆమె ఫోన్‌కే రావాలి. ఆమే చదవాలి, ఆమే నొక్కాలి. రసీదు ఆమె చేతికే అందాలి. మరుసటి పొద్దున నాగా లేకుండా ఆమె పనికి పోవాలి.